బరువు తూచి తెచ్చిన కుక్క

మా మామయ్య కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. నలభై ఏళ్ళు దాటింది, ఇంకో పని చెయ్యలేదు. చెయ్యమన్నా చెయ్యడు. ముందు గదిలో కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. కొట్లో ఎక్కడ కాలు పెట్టినా స్టాండు మీంచి ఊడదీసిన ఏదో ఒక మిషను తల తగులుతుంది. గోడకు బెల్టులు, బల్ల మీద మూతల్లేని డబ్బాల్లో స్క్రూలు, గదంతా మిషను నూనె వాసన. ఆ వాసన ఆయన చొక్కాలకు కూడా ఉంటుంది, ఉతికితే పోదు. మా అత్తయ్య ఇన్నేళ్ళూ ఉతికి చూసింది కాబట్టి ఆ ముక్క ధైర్యంగా రాస్తున్నాను.

మామయ్యకొక సిద్ధాంతం ఉంది. ఎవరైనా మిషను తెచ్చి బల్ల మీద పెడితే సూది చూడడు, షటిల్ చూడడు. ముందు రెండు చేతులతో పైకి ఎత్తుతాడు. బరువుగా ఉంటే ముఖం విప్పారుతుంది. "దీని మీద మీ మనవరాలు కూడా కుడుతుంది" అంటాడు. తేలిగ్గా ఉంటే పెదవి విరుస్తాడు. "అయిదేళ్ళు. ఆ పైన నన్ను తిట్టుకోకండి." ఈ విషయంలో ఆయన పొరబడగా నేను చూడలేదు. ఆయన పుట్టకముందు తయారైన ఇనప తలలు ఇప్పటికీ టకటకా కుడుతున్నాయి, మొన్న కొన్న ప్లాస్టిక్ మిషన్లు మూలన పడి ఉన్నాయి. నలభై ఏళ్ళు ఒకే మాట నిజమవుతూ వస్తే దాని మీద మనిషికి అనుమానం ఎలా వస్తుంది చెప్పండి. కుర్చీ కొన్నా, గొడుగు కొన్నా, గుమ్మడికాయ కొన్నా ఎత్తి చూసి కొనడమే. నేను పుట్టినప్పుడు కూడా ఎత్తి చూసి "గట్టిపిండమే" అన్నాడట.

నేను ఆయన అక్క కూతుర్ని. కుక్కల, పిల్లుల ఆసుపత్రిలో పని. డాక్టరమ్మ సూది వేసేటప్పుడు కుక్కను పట్టుకునేది నేను. చీటీ రాసేది నేను. "మావాడు కరవడండీ" అని తెచ్చినవాళ్ళ కుక్క కరిస్తే వాళ్ళను దులిపేసేదీ నేనే. నాకు నోరెక్కువ. దాచుకోవాల్సిన సంగతేమీ కాదు, రెండు వీధుల అవతలికి కూడా తెలుసు.

అత్తయ్య సంగతి చెప్పాలి. ఆవిడ ఇరవై ఆరేళ్ళు బట్టల మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసింది. ఆ హాల్లో పక్కన నిలబడ్డ మనిషి అరిచినా వినపడదు. పెదవులు చూసి మాట పట్టుకోవడం అక్కడందరికీ అలవాటు. చెవులు ఒక్కరోజులో పోలేదు. పండు రాలినట్టు కాదు, సబ్బు అరిగినట్టు అరిగిపోయాయి. మిల్లు మానేసే నాటికి ఎదురుగా నిలబడి మాట్లాడితేనే మాట అందేది. చెవి మిషను ఇచ్చారు. పెట్టుకుంటే గిన్నెల చప్పుడు ఉరిమినట్టు, మనిషి మాట ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఉంటుందట. బయటికి వెళ్తే పెట్టుకుంటుంది, ఇంటికి రాగానే తీసి డ్రాయర్లో పడేస్తుంది. "ఊళ్ళో వాళ్ళ మిషన్లన్నీ బాగుచేస్తారు, నా మిషను మాత్రం మీ చేత కాదు" అని మామయ్యను ఏడిపించేది. ఆయన నవ్వేవాడు. ఆయనకు వినపడితే చాలు, ఇద్దరికీ వినపడ్డట్టే అన్నట్టుగా రోజులు గడిచిపోయాయి.

ఆయన అరవై రెండో ఏట బాత్రూంలో కాలు జారి పడ్డాడు. తుంటి ఎముక చిట్లింది. లేవలేడు. తలుపు అందదు. ముప్పావుగంట అరిచాడు. అత్తయ్య పది అడుగుల దూరంలో వంటింట్లో, ఆయనకు ఇష్టమని కూరగాయలు సన్నగా తరుగుతోంది. అరుపులు విని పక్కింటివాళ్ళు వచ్చి వీధి తలుపు బాదారు. అదీ ఆవిడకు వినపడలేదు. చివరికి వాళ్ళు వెనక్కి వెళ్ళి కిటికీలోంచి చేతులు ఊపితే, పలకరించడానికి వచ్చారనుకుని నవ్వుతూ తనూ చెయ్యి ఊపిందట. ఆ ముక్క ఆవిడ ఈ రోజుకీ నవ్వకుండా చెప్పలేదు, ఏడవకుండానూ చెప్పలేదు.

ఆసుపత్రి మంచం మీద మామయ్య నొప్పి గురించి ఒక్క మాట మాట్లాడలేదు. నన్ను దగ్గరకు పిలిచి, "నేను పడ్డా కాబట్టి సరిపోయిందే" అన్నాడు. "రేపు నేను లేనప్పుడు అది పడితే? తలుపు కొట్టినా వినపడదు, ఫోను మోగినా వినపడదు. ఇంటికి నిప్పంటుకున్నా తీరిగ్గా కూరలు తరుగుతూ కూర్చుంటుంది." ఆయన కన్నా ఆవిడ ఎనిమిదేళ్ళు చిన్న. ఆయన మనసులో ఆ ఎనిమిదేళ్ళు అప్పటికే మొదలైపోయాయి.

రెండు నెలలకు లేచి తిరిగాడు. నడక కుదిరింది కానీ మనిషి కుదరలేదు. అప్పుడెవరో మిషను బాగుచేయించుకోవడానికి వచ్చి, చెవులు వినపడనివాళ్ళకు చప్పుళ్ళు అందించేలా కుక్కలకు నేర్పిస్తారని చెప్పారట. అంతే. ఎవరినీ అడగలేదు. కుక్కల ఆసుపత్రిలో పనిచేసే మేనకోడలు రెండు వీధుల అవతల ఉండగా అడగలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా.

ఒకరోజు పొద్దున ఆసుపత్రి తలుపు తోసుకుని ఒక గుడ్డసంచి మోసుకుంటూ వచ్చాడు. సంచిలోంచి రెండు చెవులు, నల్లటి మూతి బయటికి కనబడుతున్నాయి. గ్రేట్ డేన్ పిల్ల. పాదాలు ఒక్కొక్కటీ నా గుప్పెడంత.

"ఎంతో చెప్పు" అన్నాడు.

"ఏమిటి ఎంత?"

"బరువే. తొమ్మిది కిలోల నూటయాభై. తొమ్మిది పిల్లలున్నాయి, అన్నిట్లో ఇదే ఎక్కువ. నా కొక్కెం త్రాసు పట్టుకెళ్ళి, ఒక్కోదాన్ని ఈ సంచిలో పెట్టి తూచా."

"అమ్మేవాళ్ళు ఏమీ అనలేదా?"

"నవ్వారు. నవ్వితే నాకేం. కాళ్ళు చూడవే, ఎముక కాదు ఇనుము. దీనికి ఉక్కు అని పేరు పెట్టా. పదిహేనేళ్ళకు ఒక్క రోజు తగ్గదు, కావాలంటే రాసిస్తా. నా తరవాత మీ అత్తయ్యకు ఇంక వీడే చెవులు."

ఆయన వెనక గోడ మీదే చార్టు ఉంది. కుక్క ఎంత పెద్దదైతే ఎన్నేళ్ళకు ముసలిదవుతుందో రంగులు వేసి చూపించే చార్టు. చిన్న కుక్కకు ఎరుపు రంగు పదకొండో ఏట మొదలవుతుంది. పెద్ద కుక్కకు ఆరో ఏటే. నాకు చార్టు చూడక్కర్లేదు. ఈ జాతి కుక్కలు ఏడేళ్ళు, ఎనిమిదేళ్ళు. పదేళ్ళు దాటినవాటిని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"నిన్న నిద్రపట్టిందే నాకు" అన్నాడు మామయ్య, సూది వేయించుకుంటున్న పిల్ల తల నిమురుతూ. "పడ్డ తరవాత మొదటిసారి."

ఆ మాటతో నా నోరు మూతపడింది. "మంచి పిల్ల మామయ్యా" అని చీటీ రాసిచ్చాను. నా జన్మలో నేను మొదటిసారి నోరు మూసుకున్న రోజు అది. తీరా చూస్తే నోరు తెరవాల్సిన రోజూ అదే.

ఉక్కుకు ఆయన నేర్పిన తీరు చూడాల్సిందే. మిషనులో ఏ లోపమున్నా ఒకసారి ఒక్క స్క్రూనే తిప్పాలంటాడు, రెండు తిప్పితే ఏది పనిచేసిందో తెలియదు. కుక్కకూ అంతే. నాలుగు చప్పుళ్ళు చాలన్నాడు. వీధి తలుపు, కెటిల్ కూత, ఫోను, తన కేక. మొదటి రెండు నెలలు తలుపు ఒక్కటే. బయటికి వెళ్ళి తన తలుపు తనే కొట్టేవాడు, మళ్ళీ తనే లోపలికి పరుగెత్తుకొచ్చి పిల్లను అత్తయ్య దగ్గరకు నడిపించేవాడు. ముక్కుతో మోకాలి మీద రెండుసార్లు పొడవాలి, ఆవిడ లేస్తే ముందు నడవాలి. చేస్తే రొట్టెముక్క. రోజుకు నలభై సార్లు తలుపు కొట్టుకునేసరికి వీధిలో వాళ్ళు, మెకానిక్కు గారిని ఆవిడ ఇంట్లోకి రానివ్వడం లేదేమో పాపం అనుకున్నారు.

ఉక్కు నేర్చుకున్నాడు. నేర్చుకున్నవాడు నేర్చుకున్నట్టు ఉండక పెరిగాడు. ఏడాదికి యాభై కిలోలు దాటాడు. ముక్కుతో మోకాలి మీద మెల్లగానే పొడిచేవాడు, కానీ కుర్చీతో సహా అత్తయ్య ఒక గజం వెనక్కి జరిగేది. "వస్తున్నానురా నాయనా, ఎముకలు విరక్కొట్టకు" అని అరుస్తూ లేచేది. తలుపు దగ్గర ఎవరున్నా ముందు ఆ ఆకారాన్ని చూసి రెండు మెట్లు దిగిపోయేవాళ్ళు. వాడు మాత్రం వట్టి మెత్తన. పిల్లి ఎదురొస్తే అత్తయ్య వెనక దాక్కునేవాడు. దాక్కుంటే అటో సగం ఇటో సగం కనబడేవాడనుకోండి.

ఒకసారి కొట్లో మామయ్య బొటనవేలు మిషను తల కింద నలిగింది. ఒక్క కేక వేశాడు. అర నిమిషంలో ఉక్కు అత్తయ్యను తీసుకొచ్చి ఎదురుగా నిలబెట్టాడు. వేలు నల్లబడి, గోరు ఊడిపోతుంటే ఆయన ముఖంలో ఆ సంతోషం ఏమిటో అత్తయ్యకు అర్థం కాలేదట. ఆ తరవాత నెల రోజులు కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళకూ కట్టు కట్టిన వేలు చూపించి, "ముప్పావుగంట ఎక్కడ, అర నిమిషం ఎక్కడ" అని చెప్పాడు.

అయిదేళ్ళు ఇట్టే గడిచాయి. ఆ మధ్యలో చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. ఏనాటికానాడు రేపు చూద్దాంలే అనుకోవడమే. ఉక్కు మూతి నల్లదనం తగ్గి గడ్డం తెల్లబడింది. లేచేటప్పుడు ముందుకాళ్ళు లేచినా వెనక కాళ్ళు ఆలోచించుకునేవి. అయిదున్నరేళ్ళప్పుడు మామయ్య వాణ్ణి ఆసుపత్రికి నడిపించుకొచ్చి, "కీళ్ళలో నూనె తగ్గిందే, డాక్టరమ్మ చేత ఏమన్నా రాయించు" అన్నాడు. లోపల ఇంకో కుక్కను చూస్తున్నారు. కూర్చున్నాడు. కూర్చున్న చోట ఎదురుగా గోడ. చదవడం మొదలుపెట్టాడు.

నేను చీటీల మీంచి తలెత్తలేదు. ఎత్తకపోయినా తెలుస్తూనే ఉంది.

"ఇదేమిటే?"

"చార్టు మామయ్యా."

"చార్టని నాకూ తెలుసు. అచ్చు తప్పా? పెద్దదాని గడి, చిన్నదాని గడి తారుమారు చేసినట్టున్నారు."

"అచ్చు తప్పు కాదు."

అప్పటికే డాక్టరమ్మ బయటికొచ్చింది. ఆవిడకు మా ఇంటి సంగతులేమీ తెలియవు. అందరికీ చెప్పినట్టే ఆయనకూ చెప్పింది. "పుట్టినప్పుడు మీవాడు అరకిలో పైన ఉంటాడు, ఏడాదిన్నరకల్లా అరవై కిలోలు. వంద రెట్లు. చిన్న జాతి కుక్క అంత పెరగదు, పెరిగేది కూడా నిదానంగా. హడావిడిగా పెరిగిన ఒళ్ళు హడావిడిగానే అరుగుతుందండి, గుండె, కీళ్ళు అన్నీ. ఎందుకని అడిగితే పూర్తిగా ఎవరికీ తెలియదు. ఏనుగు ఎలుక కన్నా ఎక్కువే బతుకుతుంది. కుక్కల్ని కుక్కలతో పోలిస్తే మాత్రం చిన్నవే ఎక్కువ కాలం ఉంటాయి. మీవాడు బాగానే ఉన్నాడు, ఇంకో రెండు మూడేళ్ళు హాయిగా ఉంటాడు."

ఆవిడ దృష్టిలో అది మంచి మాటే. మామయ్య ఉక్కు మెడ మీద చెయ్యి వేశాడు.

"అయితే తొమ్మిదింట్లో తూచి తూచి తొందరగా పోయేదాన్ని పట్టుకొచ్చానన్నమాట" అన్నాడు. తరవాత నా వైపు తిరిగి, "నీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మొదటి సూది వేసిన రోజు నుంచి."

తిట్టలేదు. తిడితే తిరిగి తిట్టేదాన్ని, లెక్క సరిపోయేది. మందు చీటీ కూడా తీసుకోకుండా వాణ్ణి నడిపించుకుని వెళ్ళిపోయాడు. వాడు మెల్లగా నడుస్తున్నాడని ఆయన ఇంకా మెల్లగా నడవడం కిటికీలోంచి చూశాను.

పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను వెళ్తే కొట్లో తల వంచుకుని ఏదో ఒక స్క్రూ తిప్పుతూ ఉండేవాడు. పన్నెండో రోజు నేరుగా వంటింట్లోకి వెళ్ళి, అత్తయ్యకు ఎదురుగా కూర్చుని అంతా చెప్పేశాను. ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు.

"నాకు ముందే తెలుసు" అంది.

"ఎలా?"

"రెండో సూదికి తీసుకొచ్చింది నేనే కదే. మీరంతా ఏదో మాట్లాడుకుంటుంటే నేనేం చెయ్యను? గోడలు చదువుతా."

"మరి ఆయనకు చెప్పలేదేం అత్తయ్యా?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

అత్తయ్య చెయ్యి తుడుచుకుని నా పక్కకు వచ్చింది. "ఆయన పడ్డాక నెలల తరబడి నిద్రపోలేదు. పడుకుని నన్నే చూస్తూ ఉండేవారు, నేనేదో గోతిలో పడబోతున్నట్టు. కుక్క వచ్చాక గురక పెట్టి నిద్రపోయారు. గురక నాకు వినపడదులే, కానీ మంచం అదురుతుంది. నా చెవులు ఎలాగూ పోయాయి, ఆయన నిద్రన్నా ఉండనీ అనుకున్నా."

ఇక నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడకు మాత్రం అక్కడ ఏడుస్తూ కూర్చునే ఓపిక లేదు. లేచి కొట్లోకి వెళ్ళి మామయ్య చేతిలోంచి స్క్రూడ్రైవరు లాక్కుంది. చెవులు వినపడనివాళ్ళు మెల్లగా మాట్లాడలేరు కదా, ఆవిడ మాట వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. "వాడు ఇంకా రెండేళ్ళు ఉంటాడన్నారు. ఆ రెండేళ్ళు కూడా మీరిలా మూతి ముడుచుకుని కూర్చుంటే వాడు ఎవరితో ఉండాలి? ఆ పిల్ల మీ మీద ప్రేమతో ఊరుకుంది. నేనూ అంతే. తప్పయితే ఇద్దరినీ తిట్టండి, త్వరగా తిట్టేసి అన్నానికి రండి."

మర్నాడు మామయ్య ఆసుపత్రికి వచ్చాడు.

"ఏది ఎక్కువ కాలం ఉంటుందో నువ్వే చెప్పు" అన్నాడు. "ఉక్కు ఉండగానే తేవాలి. నేను నేర్పితే ఏళ్ళు పడుతుంది, వాణ్ణి చూసి నేర్చుకుంటే తొందరగా వస్తుంది."

ఆ ఉపాయం నాకు తట్టలేదు, నిజం చెప్పొద్దూ. చిన్నదైనంత మాత్రాన చాలదని చెప్పాను. ముక్కు చప్పిడిగా ఉండే జాతులు చిన్నవైనా ఊపిరి ఆడక అవస్థపడతాయి, వాటికి అంత ఆయుష్షు ఉండదు. కాస్త పొడుగు ముక్కు ఉండాలి. రెండు మూడు జాతులు కలిసినదైతే మరీ మంచిది. అటువంటివి పద్నాలుగు, పదిహేనేళ్ళు కూడా ఉంటాయి. ఉంటాయని రాసివ్వను గానీ, ఉండగా చూశాను. మా ఆసుపత్రికి వచ్చే ఒక టైలరమ్మ ఇంట్లో అలాంటి పిల్లలు నాలుగున్నాయంటే ఇద్దరం కలిసి వెళ్ళాం.

అక్కడ మామయ్య జేబులోంచి మెల్లగా కొక్కెం త్రాసు బయటికి వచ్చింది.

"మామయ్యా."

"ఊరికే చూస్తానే." నాలుగూ తూచాడు. అన్నిట్లో తేలికైనదాన్ని ఎత్తి గుండెకు హత్తుకున్నాడు. "ఇది ఇరవై ఏళ్ళు ఉంటుంది."

"అది పాలు అందక బక్కచిక్కింది. నీకు ఆ చివర కాకపోతే ఈ చివరే. మధ్యదాన్ని తీసుకో." ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. టైలరమ్మ ముందే ఇద్దరం ఒక పావుగంట దెబ్బలాడుకున్నాం. చివరికి చెవి ఒకటి నిలబడి, ఒకటి వాలిపోయిన మధ్యరకం ఆడపిల్లను తెచ్చాం. దారం చుట్టే బాబిన్ అంత ఉందని అత్తయ్య దానికి బాబిన్ అనే పేరు పెట్టింది.

బాబిన్ పెరిగి పెద్దదై మూడున్నర కిలోలయింది. ఉక్కు తలకాయ ఒక్కటే అంతకన్నా బరువుంటుంది. మామయ్య దాన్ని ఎత్తినప్పుడల్లా అలవాటు కొద్దీ రెండు చేతులూ వాడేవాడు, ఎత్తాక "ఇందులో ఏముందే పట్టుకోవడానికి" అని గొణిగేవాడు. నేర్పడం ఆయన వల్ల కాలేదు. ఒక్క స్క్రూ తిప్పేలోపు అది మూడు మిషన్లు చుట్టి వచ్చేది. దానికి ఉక్కే గురువు. తలుపు చప్పుడైతే వాడు లేస్తాడు, నిదానంగా వెళ్తాడు, మోకాలి మీద పొడుస్తాడు. అది వాడి కాళ్ళ మధ్య నుంచి దూరి ముందే వెళ్ళి నిలబడుతుంది. మోకాలు అందదు కాబట్టి అత్తయ్య పిక్క మీద రెండుసార్లు గీకడం మొదలుపెట్టింది. పిట్ట కొంచెం కూత ఘనం. వాడు నాలుగు చప్పుళ్ళు చెప్పేవాడు, ఇది నలభై చెప్పేది. కిటికీలో పావురం, పక్కింటి కుళాయి, మామయ్య తుమ్ము, దగ్గు, గురక. మొదటి నెల అత్తయ్య వంటింట్లో కన్నా గుమ్మంలోనే ఎక్కువసేపు నిలబడింది. అనవసరమైనవి మానిపించడానికి మామయ్యకు ఏడాది పట్టింది. అన్నీ మాన్పించగలిగాడని మాత్రం చెప్పలేను.

ఆ రెండున్నరేళ్ళూ ఆయన ఎవరినీ చూడనంత జాగ్రత్తగా ఉక్కును చూశాడు. నేల మీద మందపు పరుపు వేశాడు. గిన్నెను స్టూలు మీద పెట్టాడు, మెడ వంచనక్కర్లేకుండా. చివరి చలికాలం నాటికి వాడు చప్పుడు విని లేవలేకపోయేవాడు. తల ఎత్తి బాబిన్ వంక చూసేవాడు. అది వెళ్ళేది. అది అత్తయ్యను తీసుకెళ్ళడం చూసి మళ్ళీ తల పరుపు మీద పెట్టుకునేవాడు.

ఎనిమిదేళ్ళ మూడు నెలలకు గుండె ఆగిపోయే స్థితికి వచ్చింది. డాక్టరమ్మ పొద్దున పదిన్నరకు ఇంటికే వచ్చింది. చివరి సూదికి వాణ్ణి పట్టుకోవాల్సింది నేను. ఎన్ని కుక్కలను పట్టుకున్నానో, వీడి ముందుకాలూ అలాగే పట్టుకున్నాను. వాడి తల అత్తయ్య ఒళ్ళో ఉంది. అంతా అయ్యాక కూడా ఆవిడ చాలాసేపు కదల్లేదు, కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోతే మేమే లేపాం. వాణ్ణి మొయ్యడానికి నలుగురు కావలసి వచ్చింది. ఆ నలుగురిలో మామయ్య ఒకడు. తుంటి సంగతి గుర్తుచేస్తే నన్ను కసిరాడు.

మర్నాడే కొట్టు తెరిచాడు. వచ్చినవాళ్ళతో మామూలుగానే మాట్లాడాడు. "ముసలివాడయ్యాడండి, పోయాడు. ఇంకొకత్తె ఉందిగా, తయారైపోయింది" అన్నాడు. అనుకున్నది అనుకున్నట్టు జరిగినట్టే. అత్తయ్యకు చెవులు మళ్ళీ ఉన్నాయి, ఇంకో పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. ఆయన కోరుకున్నది అదేగా అని నేను కూడా అనుకున్నాను.

అయిదో రోజు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. కొట్టు తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మిషను ఆడుతున్న చప్పుడు. వంటింట్లో అత్తయ్యతో కూర్చుని బఠానీలు ఒలుస్తున్నాను. ఎంతసేపటికీ మిషను ఆగడం లేదు. గుడ్డ లేకుండా, దారం లేకుండా ఊరికే తొక్కుతున్న చప్పుడది, నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ చప్పుడు కింద ఇంకో చప్పుడు ఉంది. మామయ్య ఏడుస్తున్నాడు. లోపల్లోపల కుక్కుకునే ఏడుపు కాదు, నోరు తెరిచి ఏడుస్తున్నాడు. మిషను తొక్కుతున్నది వీధిలో వాళ్ళకు వినపడకూడదని. ఇంట్లో అత్తయ్య ఉన్నా ఆయనకు భయం లేదు. అయిదు రోజులుగా ఇదే జరుగుతోందని నాకు అప్పుడు అర్థమైంది.

నేనేం చేశానో చెప్పనా. బఠానీలు ఒలిచాను. ఇదివరకు చేసిన పనే మళ్ళీ చేశాను. చెప్తే ఈవిడ బాధపడుతుంది, ఆయన సిగ్గుపడతాడు, నాకెందుకులే అని తల వంచుకుని కూర్చున్నాను.

బాబిన్ వచ్చింది. అత్తయ్య పిక్క మీద రెండుసార్లు గీకింది.

అత్తయ్య చేతులు దులుపుకుని లేచి, అలవాటుగా వీధి తలుపు వైపు నడిచింది. బాబిన్ అటు వెళ్ళలేదు. కొట్టు తలుపు ముందు నిలబడి ఆవిడ కోసం చూసింది. ఆవిడ తలుపు తోసింది. వెనకాలే నేను.

మామయ్య మిషను తల మీద నుదురు ఆనించి ఉన్నాడు. కాళ్ళు తొక్కుతూనే ఉన్నాయి. అత్తయ్య వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి కాళ్ళు ఆపేశాడు. గుమ్మంలో నన్ను చూశాడు. నేనే చెప్పాననుకున్నాడు. నేను తల అడ్డంగా ఊపి, కింద కూర్చున్న బాబిన్ను చూపించాను.

"ఇది నీకు నేను నేర్పలేదు కదే" అన్నాడు దానితో.

"ఎన్నాళ్ళ నుంచండీ ఇలా?" అంది అత్తయ్య.

ఆయన ముఖం తుడుచుకోబోయి మానేశాడు. ఆవిడకు పెదవులు కనబడేలా ఇటు తిరిగాడు.

"వాడు లేడే" అన్నాడు.

"నాకూ లేడు కదండీ. నన్ను పిలవకుండా ఒక్కరే ఏడుస్తారేం" అంది అత్తయ్య, ఆయన కూర్చున్న చిన్న స్టూలు మీదే పక్కన ఇరుక్కుని కూర్చుంటూ.